తీరం వెంట నడకకు దారేదీ?

* ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా పాదచారికి కొరవడిన భరోసా
* ఇసుకపై కట్టడం కాదు.. రోడ్డులో వాటా కావాలి
* జాలర్లు, చిరువ్యాపారులతో మాట్లాడాకే గీత గీయాలి

భీమునిపట్నం, మా ప్రతినిధి: తూర్పున వెలుగురేఖలు విచ్చుకోక ముందే విశాఖ సాగరతీరం మేల్కొంటుంది. కాళీమాత ఆలయం ఎదుట, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల పరిసరాల్లో వందలాది మంది నడక సాగిస్తుంటారు. మధుమేహం ఉన్నవారు, గుండె శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఉద్యోగ విరమణ పొందినవారు, పోలీసు కొలువుల కోసం పరుగు సాధన చేసే పల్లె యువకులు.. అందరికీ అదే ఆరోగ్యకేంద్రం. కోస్టల్ బ్యాటరీ వైపు రోడ్డుపై వేకువజామున వాహనాలను ఆపే పద్ధతి ఉండడంతో ఆ కాసేపు వారికి నిశ్చింత. గడువు ముగిసి అడ్డుకంచెలు తొలగించగానే రోడ్డు మళ్లీ వాహనాల సొంతమవుతుంది. నడిచేవారు అంచుకు జరగాల్సిందే.

నగరం నడిబొడ్డున పరిస్థితి ఇది. లాసన్స్‌బే కాలనీ, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి చేరే సుమారు 25 కిలోమీటర్ల దారిలో చాలాచోట్ల ఆ కాసేపు నిశ్చింత కూడా కరవే. తీరం వెంట పాదచారులకు ప్రత్యేక మార్గం కావాలన్న కోరిక కొత్తది కాదు. అయితే ఆ మార్గాన్ని ఎక్కడ, ఎంత వెడల్పున, ఎవరి స్థలంలో, ఎవరిని సంప్రదించి నిర్మించాలన్న ప్రశ్నలకు సమాధానం వెదకకుండా పలుగు వేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. సముద్రంతో వ్యవహారం మరి!

అడుగడుగునా అవరోధాలే
-----

ఆదివారం ఉదయం ఈ విలేకరి తీరం దారిలో కొంత దూరం నడిచి చూడగా కనిపించిన దృశ్యాలు ప్రజలకు తెలియనివేమీ కావు. కాలిబాట ఉన్నచోట ద్విచక్ర వాహనాలు నిలిపి ఉన్నాయి. అవి లేనిచోట తినుబండారాల బండ్లు, వాటి ముందు బల్లలు. పలకలు లేచిపోయిన చోట కాలు మడతపడే ప్రమాదం. కాలిబాట ఉన్నట్టుండి ముగిసి, కొంత దూరం తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఆ నడుమ పిల్లల చేయి పట్టుకున్న తల్లి అయినా, ఊతకర్ర పట్టిన వృద్ధుడైనా రోడ్డు మీదికి దిగక తప్పదు.

నగరం దాటాక రోడ్డు విశాలంగా, నున్నగా ఉంటుంది. వాహనం నడిపేవారికి అదే హుషారు. సెలవు రోజుల్లో, రాత్రి వేళల్లో యువకులు మితిమీరిన వేగంతో బైకులు నడపడం, ప్రమాదాల పాలవడం తరచూ వార్తలకెక్కుతూనే ఉంది. అదే దారి అంచున వేకువనే చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆటో కోసం నడిచే మత్స్యకార మహిళలు, బడికి వెళ్లే పిల్లలు ఉంటారు. నడకదారి అనగానే నగరవాసుల వ్యాయామమే గుర్తుకొస్తుంది. కానీ తీరగ్రామాల వారికి అది బతుకుదారి.

హక్కు ఉంది.. దారి లేదు
-----

దేశవ్యాప్తంగా 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. అంటే ప్రాణాలు కోల్పోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు నడుస్తున్నవారే. అడ్డంకులు లేని కాలిబాట పౌరుల హక్కని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. పాదచారుల భద్రతకు మార్గదర్శకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కాలిబాట ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలకూ కొదవ లేదు. భారత రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్తంభాలు, చెట్లు, బండ్లు ఏవీ అడ్డులేకుండా నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడినా తప్పుకొనేందుకు చాలినంత స్థలమన్నమాట. రోడ్డు నుంచి కాలిబాట ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదు. ఎక్కేందుకు, దిగేందుకు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించని వాలు ఉండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఇన్ని ఉన్నా చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరి సాయం లేకుండా తీరం వెంట ఒక కిలోమీటరు సాగగలరా అన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గే కాలిబాట మన తీరంలో ఎంతమేర ఉందో అధికారులే కొలిచి చూసుకోవాలి.

ఇసుక నిలకడ లేనిది
-----

నడకదారి అనగానే చాలామంది మదిలో మెదిలేది ఇసుకను ఆనుకుని, అలల చెంత రాతి పలకలు పరిచిన సుందర మార్గం. చిత్రపటంలో అది ముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా ఇసుకతోనే. తీరంలోని ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. చలికాలంలో కొంత వెనక్కి మళ్లినా, ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి సాగేదే ఎక్కువ. దక్షిణం నుంచి వచ్చే ఇసుక, ఉత్తరానికి పోయే ఇసుక సమానంగా ఉన్నంతకాలం తీరం స్థిరంగా ఉంటుంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ చెంత 1933లో నౌకాశ్రయం ప్రారంభమైంది. 1970వ దశకంలో బయటి నౌకాశ్రయం, దానికి రక్షణగా సముద్రంలోకి చొచ్చుకువెళ్లే అలల నిరోధక గోడలు వచ్చాయి. ఓడలకు నీడ దొరికింది. అయితే దక్షిణం నుంచి వచ్చే ఇసుకకు అడ్డుకట్ట పడింది. గోడలకు ఈవల ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన పాళ్లు తగ్గాయి. అందుకే దక్షిణపు గోడ వద్ద చేరే ఇసుకను తవ్వి, గొట్టాల ద్వారా నగర తీరానికి తరలించే పనిని ఓడరేవు సంస్థ చేపడుతూ వస్తోంది. అంటే నేడు మనం చూస్తున్న బీచ్ కొంతవరకు ప్రకృతి ఇచ్చింది, మరికొంత మనిషి పోసింది. పోయడం ఆలస్యమైతే కోత మొదలవుతుంది.

2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని చిన్నాభిన్నం చేసింది. బీచ్ రోడ్డు పలుచోట్ల కోతకు గురైంది. సరుగుడు తోటలు నేలమట్టమయ్యాయి. 2021 డిసెంబరులో జవాద్ తుపాను తీరం దాటకుండానే బలహీనపడినా, ఆ అలల ధాటికి ఆర్కే బీచ్ సమీపంలో నేల కుంగి పిల్లల పార్కు ప్రహరీ కూలింది. తీరం తాకని తుపానుకే ప్రహరీ నిలవనప్పుడు, దానికన్నా ముందుకు జరిపి కట్టే కాలిబాట ఎన్నాళ్లుంటుంది?

గోడ కట్టి కాపాడుకోవచ్చుగా అనేవారూ ఉన్నారు. నిలువు గోడను తాకిన అల తన శక్తిని కోల్పోదు. వెనుదిరిగి గోడ పాదం వద్ద ఇసుకను లాగేస్తుంది. కొంతకాలానికి గోడ మిగులుతుంది, ఇసుక మిగలదు. ఆ గోడ ముగిసిన చోట పక్క ఊరి తీరం కోతకు గురవుతుంది. నగరానికి వేసిన కట్టు పల్లెకు పుండవుతుందన్నమాట.

పొరుగు నేర్పిన పాఠాలు
-----

ఇందుకు పుదుచ్చేరి ప్రత్యక్ష నిదర్శనం. అక్కడ 1980వ దశకం చివర్లో నౌకాశ్రయం కోసం అలల నిరోధక గోడలు కట్టాక పట్టణం ఎదుటి ఇసుక తీరం క్రమేపీ మాయమైంది. బండరాళ్ల కట్టే దిక్కయింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో నీటి అడుగున కృత్రిమ దిబ్బ నిర్మించిన తర్వాతే కొంతమేర ఇసుక తిరిగి చేరింది. అదే పుదుచ్చేరి మరో మంచి పాఠమూ నేర్పుతోంది. గౌబర్ట్ అవెన్యూగా పిలిచే అక్కడి బీచ్ రోడ్డుపై సాయంత్రం ఆరు గంటల నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర వరకు వాహనాలకు ప్రవేశం లేదు. కొత్తగా ఒక్క పలకా పరచకుండానే ఉన్న రోడ్డే రోజూ నడకదారిగా మారిపోతోంది.

చెన్నై అనుభవం మరోరకం. దివ్యాంగులు కూడా కడలి చెంతకు వెళ్లేందుకు మెరీనా తీరంలో ఇసుకపై 263 మీటర్ల పొడవున చెక్క దారి నిర్మించి 2022 నవంబరు నెలాఖరులో ప్రారంభించారు. ఎంతో మంచి ఆలోచన. చక్రాల కుర్చీలో అల దాకా వెళ్లినవారి ఆనందం చెప్పనలవి కాదు. రెండు వారాలైనా గడవకముందే మాండౌస్ తుపాను వచ్చి ఆ దారిలో కొంత భాగాన్ని దెబ్బతీసింది. తర్వాత మరమ్మతు చేశారు. ఇసుకపై ఏది కట్టినా మరమ్మతు ఖర్చును ముందే లెక్కలో రాసుకోవాలని, విడదీసి మళ్లీ అమర్చుకునే వీలుండాలని ఆ ఉదంతం చెబుతోంది.

అంత దూరం వెళ్లనవసరం లేదు. మన ఆర్కే బీచ్‌లోనే 2024 ఫిబ్రవరి 25న ఆర్భాటంగా ప్రారంభించిన నీటిపై తేలే వంతెన మర్నాడే తెగి, ఓ భాగం సముద్రంలోకి కొట్టుకుపోయింది. ఆ సమయంలో పర్యాటకులెవరూ లేకపోవడం అదృష్టం. ప్రారంభోత్సవం చూపే తొందర సముద్రానికి పట్టదు.

చట్టం గీసిన గీత
-----

తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు తొలుత 1991లో, సవరణలతో 2011లో, మళ్లీ 2019లో వెలువడ్డాయి. పోటు సమయంలో నీరు చేరే గరిష్ఠ హద్దును ఆధారంగా చేసుకుని ఏ నిర్మాణం ఎక్కడ చేయవచ్చో ఇవి నిర్దేశిస్తాయి. ఇప్పటికే అభివృద్ధి చెందిన పట్టణ ప్రాంతాల్లో ఉన్న రోడ్డుకు నేల వైపే భవన నిర్మాణాలకు అవకాశం ఉంది. సముద్రం వైపు తాత్కాలిక వసతులకు మాత్రమే, అదీ షరతులతో వీలుంటుంది. ఏ పనికైనా తీర నిర్వహణ ప్రాధికార సంస్థ పరిశీలన తప్పనిసరి.

ఈ నిబంధనలను కాగితంపై గీతలుగా భావిస్తే ఏమవుతుందో భీమిలి ప్రజలకు తెలుసు. తీరంలో నిబంధనలకు విరుద్ధంగా వెలసిన కాంక్రీటు గోడను హైకోర్టు ఆదేశాల మేరకు 2024లో తొలగించాల్సి వచ్చింది. ప్రైవేటు వ్యక్తులకు వర్తించిన న్యాయమే ప్రభుత్వ కాలిబాటకూ వర్తిస్తుంది. ప్రజాధనంతో కట్టి, కోర్టు తీర్పుతో కూల్చుకునే దుస్థితి రాకూడదు.

పడవల మాటేమిటి?
-----

తీరం ఖాళీ స్థలం కాదు. పెదజాలారిపేట మొదలు భీమిలి దాకా ప్రతి మత్స్యకార గ్రామానికీ అది పెరడు, కళ్లం, కార్ఖానా. పడవలు ఒడ్డుకు లాగేది అక్కడే. వలలు బాగుచేసుకునేది అక్కడే. చేపలు ఎండబెట్టేది, వేలం వేసేది అక్కడే. ఇసుకకూ ఊరికీ నడుమ అడ్డుగోడలా కాలిబాట వెలిస్తే, ఉక్కు కమ్మీలు పాతితే పడవను ఎటు నుంచి లాగాలి? ఇంజన్‌ను భుజాన మోసుకొచ్చే మనిషి ఎక్కడ దాటాలి? సుందరీకరణ పేరిట వల ఆరబెట్టిన వాడిని ఆక్రమణదారుగా చూడడం మొదలైతే గొడవలు తప్పవు. తరతరాలుగా అక్కడున్నది ఎవరో, నిన్నగాక మొన్న వచ్చింది ఎవరో మరువరాదు.

బజ్జీల బండి, మొక్కజొన్న పొత్తుల బుట్ట, ముంతమసాలా తట్ట.. వీటిపై ఆధారపడిన కుటుంబాలూ అనేకం. నడకదారికి వారు అడ్డమన్న మాట కొంత నిజమే. అయితే వారిని తరిమివేయడం పరిష్కారం కాదు. వీధి వ్యాపారుల పరిరక్షణ చట్టం 2014 నుంచి అమల్లో ఉంది. సర్వే చేసి, గుర్తింపు ఇచ్చి, వ్యాపార మండళ్లు కేటాయించాలని అది చెబుతోంది. నడక పట్టీని వదిలి, దాని పక్కన నిర్ణీత దూరానికొకచోట బండ్లకు స్థలం, తాగునీరు, చెత్తకుండీ సమకూరిస్తే ఇద్దరికీ లాభమే. నడిచేవారు ఉంటేనే అమ్మేవారికి బేరం!

నోరులేని హక్కుదారులూ ఉన్నారు. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి, సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను కడలిలోకి వదులుతోంది. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల వెలుతురు కనిపించే వైపు కదులుతుంది. సహజంగా అది సముద్రం వైపే ఉంటుంది. కాలిబాట పొడవునా కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు పెడితే అవి రోడ్డు మీదికి పాకి చక్రాల కింద నలుగుతాయి. దీపాలు తక్కువ ఎత్తులో, కాంతి నేల మీదికే పడేలా అమర్చడం పెద్ద ఖర్చేమీ కాదు. ఆలోచన ముందుండాలి, అంతే.

స్థలం ఉంది.. మనసుండాలి
-----

మరి దారి ఎక్కడ వేయాలి? ఇసుక మీద కాదు, రోడ్డులోనే. పది కిలోమీటర్ల పొడవున మూడు మీటర్ల వెడల్పుతో కాలిబాట వేస్తే 30 వేల చదరపు మీటర్లు, అంటే ఏడెకరాలకు పైగా స్థలం కావాలి. దీన్ని బీచ్ నుంచి తీసుకుంటే ఏడెకరాల ఇసుక శాశ్వతంగా పోయినట్లే. రోడ్డు నుంచి తీసుకుంటే పోయేది వాహనాలు నిలిపే వరస. ఒక కారు నిలిపేందుకు సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి. సముద్రం వైపు వాహనాలు నిలపడం మానిపించి, నేల వైపు ఖాళీ స్థలాల్లో నిలిపే ఏర్పాటు చేస్తే నడకదారికి కావలసిన వెడల్పులో అధిక భాగం అక్కడే దొరుకుతుంది.

రోడ్డు ఇరుకైతే ట్రాఫిక్ స్తంభిస్తుందన్న అభ్యంతరం సహజం. సెలవు దినాల్లో ఇప్పుడే నరకమన్నది కాదనలేని వాస్తవం. అయితే ఆ రద్దీకి కారణం రోడ్డు వెడల్పు చాలకపోవడం ఒక్కటే కాదు. ఇష్టారాజ్యంగా నిలిపే వాహనాలు, ఉన్నచోటే వెనక్కి తిప్పే కార్లు, సరిపడా బస్సులు లేకపోవడం కూడా కారణాలే. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి మూడు లక్షల మందికి పైగా ఈ తీరం వెంట చేరితే యంత్రాంగం రోడ్డునంతా మనుషులకే అప్పగించగలిగింది. ఒక్కరోజు ఉత్సవానికి సాధ్యమైంది, రోజూ నడిచే సామాన్యుడికి మూడు మీటర్ల మేర ఎందుకు సాధ్యం కాదు?

విశాఖ నుంచి భోగాపురం వైపు తీరం వెంట రహదారిని విస్తరించాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా నలుగుతోంది. విస్తరణ నక్షాలోనే పాదచారి పట్టీని మొదట గీసి, మిగిలిన స్థలంలో వాహనాల వరసలు వేయాలి. రోడ్డు అంతా అయ్యాక మిగిలిన అంచును కాలిబాటగా చూపడం మనకు అలవాటు. ఈసారైనా ఆ వరస మారాలి. ఎర్రమట్టి దిబ్బల వంటి అరుదైన భూవారసత్వ సంపద ఉన్నచోట ఆ దారి పక్కకు తప్పుకోవాలే తప్ప దిబ్బను తొలిచి ముందుకు సాగరాదు.

అందరి తీరం.. ఎవరికీ పట్టని తీరం
-----

అన్నిటికన్నా పెద్ద చిక్కు బాధ్యతలోనే ఉంది. రోడ్డు, దీపాలు, పారిశుద్ధ్యం మహా విశాఖ నగరపాలక సంస్థవి. పార్కులు చాలావరకు మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థవి. రుషికొండ పర్యాటక శాఖది. ఇసుక పోసేది ఓడరేవు. నౌకాదళానికి తనదైన పరిధి ఉంది. పడవలు మత్స్యశాఖవి, తాబేళ్లు అటవీ శాఖవి. వాహనాలను ఆపేది పోలీసులు. పలక ఊడితే ఎవరిని అడగాలో సామాన్యుడికి తెలియదు.

నిర్వహణ లోపిస్తే ఎంతటి గుర్తింపైనా నిలవదనడానికి రుషికొండే సాక్షి. 2020లో అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఆ తీరంలో అపరిశుభ్రత, కుక్కల సంచారంపై ఫిర్యాదులు వెళ్లడంతో 2025 ఆరంభంలో జెండాను తాత్కాలికంగా దించాల్సి వచ్చింది. హడావుడిగా లోపాలు సరిదిద్దాకే తిరిగి దక్కింది. నిర్మించడం ఒక్కనాటి పని, కాపాడుకోవడం నిత్యకృత్యం. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. నున్నటి పలకలు తడిస్తే జారుతాయి. గాలికి ఇసుక వచ్చి దారిని కప్పేస్తుంది. రోజూ ఊడ్చే చేతులు లేకుంటే కోట్ల రూపాయల మార్గం కూడా ఏడాదిలో పాడుబడుతుంది.

ఏం చేయాలంటే..
-----

* తీరం పొడవునా ఇప్పుడున్న కాలిబాటను కొలిచి, ఎక్కడెక్కడ తెగిపోయిందో ప్రజల ముందుంచాలి. కొత్తది కట్టేముందు తెగినచోట అతకాలి.
* కోత ఎక్కువగా ఉన్నచోట సముద్రం వైపు శాశ్వత నిర్మాణాల జోలికి పోరాదు. అలల దాకా వెళ్లేందుకు అవసరమైన చోట్ల విడదీయగల చెక్క దారులు చాలు.
* వేకువజామున వాహనాలను ఆపే పద్ధతిని సెలవు దినాల్లో సాయంత్రానికీ, సాగర్‌నగర్, భీమిలి వంటి చోట్లకూ ప్రయోగాత్మకంగా విస్తరించి ఫలితం చూడాలి.
* ప్రతి మత్స్యకార గ్రామం వద్ద పడవలు దాటే దారులను గ్రామపెద్దల సమక్షంలో గుర్తించి, ఆ మేర కాలిబాటను రోడ్డు మట్టానికి దించాలి.
* మురుగు కాలువలు సముద్రంలో కలిసే చోట్ల మళ్లింపు పనులు ముందుగా పూర్తిచేయాలి. దుర్గంధం మధ్య నడక ఆరోగ్యం కాదు.
* నీడనిచ్చే చెట్లు, మరుగుదొడ్లు, కూర్చునేందుకు బల్లలు అంచనాల్లోనే చేర్చాలి. ముఖ్యంగా మహిళలకు ఇవి లేని దారి సగం దారే.
* నిర్మాణ వ్యయంతో పాటు ఏటా నిర్వహణకు నిధి, దానికి జవాబు చెప్పే ఒకే ఒక్క అధికారిని నిర్ణయించాలి.

భీమునిపట్నం 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు మహా విశాఖలో భాగం. విలీనంతో పన్నులు నగర స్థాయికి చేరాయి గానీ వసతులు చేరలేదన్న అసంతృప్తి ఇక్కడ బలంగా ఉంది. కాలిబాట ఆర్కే బీచ్ వద్దే ఆగిపోతే ఆ మాటే మరోసారి నిజమవుతుంది. కనుక పనిని రెండు కొసల నుంచీ ఒకేసారి మొదలుపెట్టడం న్యాయం. నగరంలో ఒక కిలోమీటరు, భీమిలిలో ఒక కిలోమీటరు వేసి, రెండు వానాకాలాలు గడిచాక ఏది నిలిచిందో, ఏది చెదిరిందో చూసి ముందుకు సాగితే ప్రజాధనం వృథా కాదు. సముద్రాన్ని తోసుకుని ముందుకు వెళ్లడం కాదు, దానికి చోటిచ్చి పక్కన నడవడం నేర్వాలి. పాలకులు, అధికారులు ఈ దిశగా యోచించాలని తీరవాసులు కోరుతున్నారు.